కాన్పు నొప్పులకు సెలైన్ మందు: తెలుసుకోవలసిన సంగతులు

ఈనాటి ప్రసంగం ముఖ్యంగా నిండు నెలల గర్భిణులకు, వాళ్ళను కనిపెట్టుకొని ఉండే తల్లులకు, అత్తలకు, భర్తలకు. నొప్పులు రాని వాళ్ళకు నొప్పులు రప్పించడానికి, మందగించిన నొప్పులను పుంజుకొనేలా చేయడానికి ఆస్పత్రిలో సెలైన్ బాటిల్‌లో కలిపి ఎక్కించే మందు ఒకటుంది. దాని పేరు ఆక్సిటోసిన్. ఈ మందు ఏమిటి, ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు ప్రాణం తీస్తుంది అనే విషయాలు ఇవాళ చెప్పుకుందాం.

ప్రసూతి వైద్యురాలిగా నాకు రోజూ రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకరేమో, "డాక్టరమ్మా, మా పిల్లకు సెలైన్ పెట్టి నొప్పులు తెప్పించవద్దు. అట్లా చేస్తే బిడ్డకు ముప్పంట కదా" అంటారు. ఇంకొకరు వచ్చీ రాగానే, "రాత్రి నుంచి కష్టపడుతోంది, ఒక సూది వేసి తొందరగా కానిచ్చేయండి" అంటారు. మొదటివారికి మందంటే భయం. రెండోవారికి మందంటే అతి నమ్మకం. నిజానికి ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే మందు గురించి. మరి ఇద్దరిలో ఎవరిది సరి? మందు ఎక్కించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నతో దీనికి జవాబు దొరకదు. ఎవరు ఎక్కిస్తున్నారు, ఎక్కడ ఎక్కిస్తున్నారు, ఎక్కించాక పక్కన ఎవరు కూర్చున్నారు అని కూడా అడగాలి. ఈ ప్రసంగమంతా ఆ జవాబే అనుకోండి.

ముందుగా ఒక సంగతి. ఈ మందు మన శరీరానికి కొత్తది కాదు. మన మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంది. కాన్పు సమయంలో ఆ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గర్భసంచి కండరాలు ముడుచుకోవడానికి అది తోడ్పడుతుంది. ఆ ముడుచుకోవడాన్నే మనం నొప్పులు అంటాం. కాన్పయిన తర్వాత బిడ్డ రొమ్ము పట్టి చీకుతుంటే తల్లికి పొత్తికడుపులో సన్నగా నొప్పి వస్తుంది. పిల్లలను కన్న ప్రతి తల్లికీ ఇది అనుభవమే. అదీ ఈ హార్మోను పనే. పాలను చేపు వదిలించేదీ, గర్భసంచిని ముడిచేదీ అదే. దూడను వదలగానే బర్రె చేపుతుంది చూశారా, అక్కడ పని చేసేది కూడా ఇదే హార్మోను. ఈ బర్రె సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపాగి మళ్ళీ వద్దాం.

1906లో ఇంగ్లండులో హెన్రీ డేల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ గ్రంథి నుంచి తీసిన సారం గర్భసంచిని ముడుచుకొనేలా చేస్తుందని గమనించాడు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే పశువుల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని కాన్పుల్లో సూదిగా వేయడం మొదలైంది. మోతాదు తెలియక, వేగం తెలియక చాలా అనర్థాలు జరిగాయి. 1948 ప్రాంతంలో థియోబాల్డ్ అనే వైద్యుడు ఆ సారాన్ని ద్రవంలో బాగా పలచన చేసి, చుక్క చుక్కగా నరంలోకి ఎక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1953లో అమెరికాలో విన్సెంట్ డు వీన్యో ఈ హార్మోనును ప్రయోగశాలలోనే తయారుచేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఈనాడు ఆస్పత్రుల్లో వాడేది అలా కృత్రిమంగా తయారైన ఆక్సిటోసినే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నొప్పులు వాటంతట అవే రావాలి గదా, మనం తెప్పించడమెందుకు అని మీరు అడగవచ్చు. చాలామందికి తెప్పించాల్సిన అవసరం రాదు. అయితే కొన్ని సందర్భాల్లో బిడ్డ ఇంకా లోపల ఉండటం కంటే బయటికి రావడమే క్షేమం. చివరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తే కాన్పుకు 280 రోజులు, అంటే 40 వారాలు. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే మాయ సత్తువ తగ్గవచ్చు. అప్పుడు నొప్పులు తెప్పించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. నెలలు నిండి ఉమ్మనీరు పోయినా నొప్పులు మొదలుకాకపోతే లోపల చీము చేరే ప్రమాదం ఉంది. బీపీ పెరిగి, కాళ్ళు ముఖం ఉబ్బి, తలనొప్పి, కళ్ళు మసకలు వచ్చిన తల్లికి ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. చక్కెర వ్యాధి అదుపులో లేకపోయినా, కడుపులో బిడ్డ ఎదుగుదల ఆగిపోయినా ఇదే మాట. ఇలాంటి తల్లికి నొప్పులు తెప్పించమని డాక్టరు చెబితే భయపడి ఇంటికి వెళ్ళిపోకండి. అక్కడ మందు రక్షణ కోసమే.

కాని కారణం లేకుండా తొందరపెట్టడం తప్పు. "అమావాస్య వస్తోందమ్మా, ఈలోపే కానివ్వండి" అని అడిగేవాళ్ళు ఉన్నారు. మూలా నక్షత్రం తప్పించమని అడిగేవాళ్ళూ ఉన్నారు. పంచాంగం మీద మీకున్న నమ్మకాన్ని నేను కాదనను. అయితే నెల నిండని బిడ్డ ఊపిరితిత్తులు పంచాంగం చూసి పండవు. కాయ పండకముందే కోస్తే ఏమవుతుందో రైతు కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడే నెలల లెక్క ముఖ్యమవుతుంది. "ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకు ముట్టయ్యాను" అని చెప్పినా మాకు పనికొస్తుంది. ఏదీ గుర్తులేకపోతే మొదటి మూడు నెలల్లోపు తీసిన స్కానింగు లెక్క తేలుస్తుంది. తొమ్మిదో నెలలో తీసిన స్కానింగుతో ఆ లెక్క అంత కచ్చితంగా తేలదు. అందుకని మొదటి స్కానింగు కాగితాన్ని బీరువాలో పట్టుచీరతో పాటు దాచిపెట్టండి.

సరే, నొప్పులు తెప్పించాలని నిర్ణయించారు. వెంటనే సెలైన్ పెడతారా? పెట్టరు. ముందు డాక్టరు లోపలి పరీక్ష చేసి గర్భసంచి మూతి ఎలా ఉందో చూస్తారు. అది మెత్తబడి, పొట్టిగా అయి, కాస్త తెరుచుకొని ఉంటే మందు బాగా పని చేస్తుంది. గట్టిగా మూసుకొని ఉంటే మందు ఎంత ఎక్కించినా శ్రమ తప్ప ఫలితం తక్కువ. అలాంటప్పుడు ముందుగా మూతిని మెత్తబరచాలి. దానికి జెల్ మందు పెడతారు, లేదా చిన్న బెలూన్ ఉన్న రబ్బరు గొట్టం పెడతారు, లేదా మిసోప్రోస్టాల్ అనే మాత్రను చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. మన పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలోని నాగపూరులో బీపీ ఉన్న సుమారు 600 మంది గర్భిణులపై ఈ మాత్రను, గొట్టాన్ని పోల్చి చూసిన పరిశోధన 2017లో వెలువడింది. మాత్ర తీసుకున్న వాళ్ళలో నూటికి 57 మందికి, గొట్టం పెట్టిన వాళ్ళలో నూటికి 47 మందికి 24 గంటల లోపల మామూలు కాన్పు అయింది.

ఈ లెక్కలో మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. ఏ పద్ధతిలోనైనా 24 గంటలు దాటినవాళ్ళు, ఆపరేషన్ అవసరమైనవాళ్ళు చాలామందే ఉన్నారు. కాబట్టి నొప్పులు తెప్పించడమంటే గంటలో అయిపోయే పని అనుకోకండి. ఒక రోజు పట్టవచ్చు, ఒకటిన్నర రోజు పట్టవచ్చు. "పొద్దున పెట్టారు, సాయంత్రమైనా కాలేదు" అని నర్సమ్మతో గొడవపడకండి. అలాగే ఆ మాత్రను ఎవరో చెప్పారని మందుల షాపులో కొని, ముక్కలు చేసి ఇంట్లో వేసుకోకండి. కాన్పుకు వాడే మోతాదు 25 మైక్రోగ్రాములు. షాపులో దొరికే మాత్ర సాధారణంగా 200 మైక్రోగ్రాములు. అంటే ఎనిమిది రెట్లు. చాకుతో కోస్తే ఎనిమిది సమాన భాగాలు కావు.

ఇక సెలైన్ మందు. అర లీటరు బాటిల్‌లో చాలా కొద్దిగా ఆక్సిటోసిన్ కలుపుతారు. మొదట నిమిషానికి కొన్ని చుక్కలతోనే మొదలుపెడతారు. అరగంట ఆగి చూస్తారు. నొప్పులు చాలకపోతే చుక్కలు కొంచెం పెంచుతారు. మళ్ళీ అరగంట చూస్తారు. పది నిమిషాల్లో మూడు మంచి నొప్పులు, ఒక్కొక్కటి నలభై సెకండ్లకు పైగా ఉంటే చాలు, ఇక పెంచరు. నర్సమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి గడియారం చూస్తూ కూర్చుంటే ఊరికే కూర్చుందనుకోకండి. ఆమె చేతికింద గర్భసంచి ఎన్నిసార్లు బిగుస్తోంది, ఎంతసేపు బిగుస్తోంది, మధ్యలో పూర్తిగా వదులవుతోందా అని లెక్కపెడుతోంది. నడుమ నడుమ బిడ్డ గుండె చప్పుడు వింటోంది.

ఆ వదులు కావడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. గర్భసంచి బిగుసుకొన్నప్పుడు మాయకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. వదులైనప్పుడు మళ్ళీ పారుతుంది. బావిలో ఈదే పిల్లవాడు మునిగినప్పుడు ఊపిరి బిగపట్టి, పైకి తేలినప్పుడు గాలి పీల్చుకుంటాడు కదా, కడుపులో బిడ్డ పరిస్థితీ అలాంటిదే. తేలడానికి సందు ఇవ్వకుండా ముంచుతూనే ఉంటే ఏమవుతుంది? పది నిమిషాల్లో ఐదుకంటే ఎక్కువ నొప్పులు వస్తుంటే, లేదా ఒక నొప్పి వదలకుండా పట్టేసి ఉంటే బిడ్డ గుండె తడబడుతుంది. అప్పుడు నర్సమ్మ మొదట చేసే పని సెలైన్ గొట్టానికి ఉన్న చక్రాన్ని తిప్పి మందు ఆపేయడం. నరంలోకి వెళ్ళిన ఆక్సిటోసిన్ కొద్ది నిమిషాల్లోనే రక్తంలో తగ్గిపోతుంది. కొంతసేపటికి గర్భసంచి వదులవుతుంది. సాధారణంగా బిడ్డ మళ్ళీ తేరుకుంటుంది.

శ్రోతలారా, ఈ చిన్న ప్లాస్టిక్ చక్రాన్ని మరిచిపోకండి. అదే ఈ మందుకు కళ్ళెం. సెలైన్‌లో ఎక్కించే మందుకు కళ్ళెం ఉంది. పిరుదుకో, చేతికో, కండలోకి పొడిచిన సూదికి కళ్ళెం లేదు. కండలోకి వెళ్ళిన మందును ఎవ్వరూ వెనక్కి తీయలేరు, తగ్గించలేరు. అందుకే బిడ్డ పుట్టకముందు నొప్పుల కోసం ఆక్సిటోసిన్‌ను కండలోకి సూదిగా వేయకూడదు. పెద్ద ఆస్పత్రిలో పెద్ద డాక్టరైనా సరే వేయకూడదు. మరి ఇంటికి వచ్చి సూది వేసే అతని సంగతి ఏం చెప్పాలి!

నేను చూసిన ఒక కేసు చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఒక క్యాంపు అనుకోండి. ఆమెకు అది మూడో కాన్పు. మొదటి రెండు సులభంగా అయ్యాయి గనుక ఇంట్లోనే అవుతుందనుకున్నారు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి మందగించాయి. సూది వేసే అతన్ని పిలిచారు. ఒకటి వేశాడు. గంట చూసి రెండోది వేశాడు. నొప్పులు విపరీతమయ్యాయి, బిడ్డ దిగలేదు. మూడోది వేశాడు. కాసేపటికి ఆమె పెద్దగా అరిచింది. ఆ తర్వాత నొప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. "హమ్మయ్య, కాస్త నెమ్మదించింది" అనుకొని ఇంట్లోవాళ్ళు ఆమెను పడుకోబెట్టారు.

అది నెమ్మదించడం కాదు. గర్భసంచి పగిలిపోయింది. బిడ్డ తల కొంచెం వంకరగా ఉండి దిగలేకపోతే, ఆ సూదులు గర్భసంచిని బలవంతంగా బిగించాయి. ఇది వరకే కాన్పులు అయిన గర్భసంచి గోడ చిరిగిపోయింది. ఆమె మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు చల్లబడి, నాడి అందకుండా ఉంది. బిడ్డ అప్పటికే పోయింది. రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేసి, గర్భసంచిని తీసేసి తల్లిని దక్కించుకోగలిగాం. ఆమె భర్త వరండాలో కూర్చుని, "సూదికి మూడు వందలు ఇచ్చాను డాక్టరమ్మా" అని పదే పదే అంటున్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతే అయితే రేడియోలో చెప్పను. 1997 వరకు మన రాయచూరు జిల్లాలోనే భాగమైన కొప్పళలో, బెంగళూరు ఐఐఎంకు చెందిన గీతా సేన్ బృందం తల్లుల మరణాలు ఎందుకు జరుగుతున్నాయో చాలా ఏళ్ళు పరిశీలించింది. ఇళ్ళలో కాన్పు త్వరగా కావాలని ఇష్టమొచ్చినట్టు వేసే ఈ సూదుల సంగతి వాళ్ళూ రాశారు. ఈనాడు ఎక్కువమంది ఆస్పత్రికే వస్తున్నారు, సంతోషం. కాని వచ్చేముందు "దారి ఖర్చు తప్పుతుందేమో, ఒక సూది వేయించి చూద్దాం" అనే అలవాటు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది.

దీనికి మంత్రసానులందరినీ నిందించడం న్యాయం కాదు. ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. 15,000కు పైగా కాన్పులు చేసిన ఆ తల్లికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆమె కన్నుమూశారు. ఆవిడ పేరు తెచ్చుకొన్నది చేతుల నేర్పుతో, ఓపికతో. ఆ పాతకాలపు మంత్రసానికి తెలిసిన పెద్ద విద్య కాచుకొని ఉండటం. సూది వచ్చాక ఆ ఓపిక పోయింది, తొందర మిగిలింది.

ఇంకో చిక్కు ఉంది. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో, అంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. మన రాయచూరు ఎండలు మీకు తెలుసు. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. శక్తినగర్‌లో పుట్టిన కరెంటు రాష్ట్రమంతా వెళ్ళినా, పల్లెలో ఫ్రిజ్ ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. బండి డిక్కీలో తిరిగిన సీసాలో మందు సత్తువ తగ్గిపోతుంది. ఒకటి వేస్తే పని చేయదు, రెండు వేస్తాడు, మూడు వేస్తాడు. మర్నాడు ఇంకో ఇంట్లో కొత్త సీసా విప్పి అదే లెక్కన మూడు వేస్తాడు. అక్కడ మందు పూర్తి బలంతో ఉంటుంది. అదృష్టం మీద ఆధారపడిన వైద్యం అంటే ఇదే.

బర్రె సంగతి గుర్తుంది కదా! దూడ చచ్చిపోయిన బర్రె చేపకపోతే సూది వేసి పాలు పిండటం కొన్నిచోట్ల అలవాటయింది. దానికి పేరు లేని, చీటీ లేని సీసాలు దొంగచాటుగా అమ్ముతుంటారు. ఈ దుర్వినియోగం ఆపాలని కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో వాడే ఆక్సిటోసిన్‌ను ప్రైవేటు కంపెనీలు తయారుచేయరాదని దాని సారాంశం. తయారీ బాధ్యత బెంగళూరులోని ప్రభుత్వరంగ సంస్థ కర్ణాటక యాంటీబయాటిక్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్‌కు అప్పగించారు. ఒకే చోటి నుంచి దేశమంతా మందు అందకపోతే తల్లుల ప్రాణాలు ఏం కావాలని వైద్యులు, మందుల రంగం వాళ్ళు ప్రశ్నించారు. 2018 డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఒక పక్క దుర్వినియోగం, ఇంకో పక్క ప్రాణావసరం. ఈ మందు స్వభావమే అలాంటిది. మన మటుకు మనం ఒకటి చేయగలం. చీటీ లేని సీసాలోని మందును పశువుకు గాని, మనిషికి గాని వేయనివ్వకుండా ఉండటం.

ప్రాణావసరం అన్నాను. అదేమిటో వినండి. ఇంతసేపూ కాన్పుకు ముందు సూది వద్దన్నాను. బిడ్డ పుట్టిన తర్వాత మాత్రం అదే సూది కావాలి. బిడ్డ పుట్టి, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకున్న వెంటనే, నిమిషం లోపల 10 యూనిట్ల ఆక్సిటోసిన్ తల్లికి కండలోకి వేస్తారు. గర్భసంచి గట్టిగా ముడుచుకొని రక్తస్రావం తగ్గుతుంది. బిడ్డ బయటికి వచ్చేసింది గనుక అప్పుడు ఎంత బిగుసుకుంటే అంత మంచిది. కాన్పు తర్వాత రక్తం ధారగా పోయి తల్లి చనిపోవడం మన దేశంలో తల్లుల మరణాలకు పెద్ద కారణం. కాబట్టి ఆ సూదిని వద్దనకండి. ముందు సూది మృత్యువు, తర్వాత సూది రక్ష. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

ఫ్రిజ్ లేని చోట్ల కూడా దారి ఉందని మన కర్ణాటకలోనే నిరూపించారు. బెళగావి జిల్లా గ్రామాల్లో 1,620 మంది తల్లులపై చేసిన పరిశోధన 2006లో ప్రచురితమైంది. బిడ్డ పుట్టగానే నర్సమ్మలు మిసోప్రోస్టాల్ మాత్రలు మింగించారు. మందు లేని ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న వాళ్ళలో నూటికి 12 మందికి అధిక రక్తస్రావం అయితే, మందు మాత్రలు తీసుకున్న వాళ్ళలో అది 6.4కి తగ్గింది. అంటే దాదాపు సగం. చేసింది పెద్ద డాక్టర్లు కాదు, మన నర్సమ్మలే.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ఇంకో భయం గురించి. 2024 నవంబరులో మన పక్కనే బళ్ళారి జిల్లా ఆస్పత్రిలో ఆపరేషన్ కాన్పుల తర్వాత పలువురు తల్లులు చనిపోయారు. వాళ్ళకు ఎక్కించిన రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవం నాణ్యతపై అనుమానాలు వచ్చి, రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీ ద్రవం వాడకాన్ని ఆపించింది. అప్పటి నుంచి బాటిల్ చూస్తేనే కొందరు వణుకుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. అయితే అక్కడ అనుమానం వచ్చింది ద్రవం మీద, నొప్పుల మందు మీద కాదు. భయపడి ఇంట్లో సూదికి తిరిగిపోతే, ఒక ప్రమాదం నుంచి ఇంకా పెద్ద ప్రమాదంలోకి దూకినట్టే. బాటిల్‌లో నలకలు కనిపించినా, ద్రవం మబ్బుగా ఉన్నా, గడువు తేదీ దాటినా అడగండి. ఎక్కించిన కాసేపటికి చలి వణుకు, ఆయాసం వస్తే వెంటనే కేకవేసి చెప్పండి. అడగడం మీ హక్కు.

అడగవలసిన మాటలు ఇంకొన్ని చెబుతాను, రాసుకోండి. నొప్పులు ఎందుకు తెప్పిస్తున్నారు? బిడ్డ తల కిందికి ఉందా? మూతి మెత్తబడిందా? రాత్రి పూట బిడ్డ గుండె ఎవరు వింటారు? అవసరమైతే ఆపరేషన్ ఇక్కడే చేస్తారా, రక్తం దొరుకుతుందా? ఆపరేషన్ సదుపాయం లేని చోట నొప్పులు తెప్పించే మందు మొదలుపెట్టకపోవడమే మంచిది. దూరమైనా సరే, తాలూకా ఆస్పత్రికో, రాయచూరు రిమ్స్‌కో ముందే చేరుకోండి. 108 బండి మన వైపూ ఉంది, తెలంగాణ, ఆంధ్ర వైపూ ఉంది. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, ప్రయాణం అన్నీ ఉచితం. సూదికి మూడు వందలు ఇచ్చిన ఆ భర్తకు ఈ సంగతి ఎవరో ఒకరు ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సరిహద్దు జిల్లాల వాళ్ళకు మరో ప్రత్యేక సమస్య. గద్వాలకో, నారాయణపేటకో, ఆదోనికో ఇచ్చిన పిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి, రాయచూరు వైపు వస్తుంది. ఇక్కడి పిల్ల అటు వెళ్తుంది. ఏడు నెలలు ఒక రాష్ట్రంలో చూపించుకొని, కాన్పుకు ఇంకో రాష్ట్రం. కాగితాలు అత్తగారింట్లోనే ఉండిపోతాయి. దయచేసి అలా చేయకండి. అక్కడి తల్లీబిడ్డల కార్డు, స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ వెంట తెచ్చుకోండి. రాగానే ఇక్కడి ఆశా కార్యకర్తకు చూపించి తాయి కార్డులో రాయించుకోండి. ముఖ్యంగా ఇది వరకు ఆపరేషన్ కాన్పు అయి ఉంటే తప్పక చెప్పండి. కుట్లున్న గర్భసంచికి నొప్పుల మందు ఎక్కించడంలో ప్రమాదం ఎక్కువ. ఆ నిర్ణయం పెద్ద ఆస్పత్రిలో నిపుణులే తీసుకోవాలి.

భాష కూడా ఒక అడ్డే. తెలుగు మాత్రమే వచ్చిన అమ్మాయి, కన్నడం మాత్రమే వచ్చిన నర్సమ్మ. అర్ధరాత్రి పూట తోడున్న ముసలమ్మకు నోట మాట రాదు. ఈ నాలుగు కన్నడ మాటలు నేర్చుకోండి. బిడ్డ కదలడం లేదు అనడానికి, "మగు అల్లాడ్తా ఇల్ల". ఉమ్మనీరు పోయింది అనడానికి, "నీరు హోగిదె". ఇది వరకు ఆపరేషన్ అయింది అనడానికి, "ముంచె ఆపరేషన్ ఆగిదె". ఇంట్లో సూది వేశారు అనడానికి, "మనెయల్లి ఇంజెక్షన్ కొట్టిద్దారె".

ఆ చివరి మాట చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు, తిడతారని దాస్తారు. దాయకండి. ఇంట్లో సూది పడిందని తెలియక మేము పైనుంచి మందు మొదలుపెడితే రెండూ కలిసి తల్లిని ముంచుతాయి. మేము ఒక మాట అన్నా పడండి, నిజం మాత్రం చెప్పండి. మా వైద్యులకు, నర్సమ్మలకు కూడా నా మనవి ఒకటే. అలా నిజం చెప్పిన కుటుంబాన్ని అందరి ముందూ కసరకండి. ఈ రోజు కసిరితే రేపు వచ్చేవాళ్ళు దాస్తారు.

ఇక తోడు ఉండే అమ్మలకు ఆఖరి మాట. మందు ఎక్కుతుండగా మీరు పక్కన ఉంటే వెన్ను నిమరండి, ధైర్యం చెప్పండి. డాక్టరు వద్దంటే తప్ప గుక్కెడు నీళ్ళు పట్టండి. సెలైన్ చక్రాన్ని మాత్రం ముట్టుకోకండి. "తొందరగా అవుతుందని కొంచెం తిప్పాను" అన్న అత్తగారిని కూడా నేను చూశాను. నొప్పికీ నొప్పికీ మధ్య విరామం లేకపోయినా, నొప్పులు ఒక్కసారిగా ఆగిపోయినా, రక్తం కనిపించినా, పిల్ల తేడాగా మాట్లాడినా వెంటనే నర్సమ్మను పిలవండి. వాళ్ళు విసుక్కున్నా మళ్ళీ పిలవండి.

నొప్పులు తెప్పించే మందు చెడ్డది కాదు, మంచిదీ కాదు. గుర్రం లాంటిది. కళ్ళెం పట్టినవాడు పక్కనే ఉండి, కళ్ళు తెరుచుకొని ఉంటే అది తల్లిని, బిడ్డను గమ్యం చేరుస్తుంది. కళ్ళెం లేని గుర్రం మీద మన ఇంటి ఆడపిల్లను ఎక్కించకండి. ఈ రాత్రి మీ వీధిలో ఎవరికైనా నొప్పులు మొదలై, ఎవరైనా సూది అతన్ని పిలవబోతే, ఈ మాటలు గుర్తు చేసుకొని 108కి ఫోను చేయండి. నా ప్రసంగానికి అంతకంటే ప్రయోజనం ఇంకేం కావాలి.